నైన్ పాయింట్ ఎయిట్

బేతేలు కాలేజీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ తప్పినవాడు ఇరవై నాలుగేళ్ళుగా ఒక్కడూ లేడు. ఈ మాట వసంతకుమార్ సారు చెప్పుకునేవాడు కాదు, ఊరు చెప్పుకునేది. థియరీలో అరవై వచ్చినవాడికీ, అత్తెసరు మార్కులు వచ్చినవాడికీ ప్రాక్టికల్స్‌లో మాత్రం యాభైకి యాభై. మా సారుది చల్లని చెయ్యి అనుకునేవాళ్ళు పిల్లలు. ఆ చేతి సంగతే ఇది.

కోసిగి రోడ్డు మీద ఉంటుంది ఆ కాలేజీ. ఊళ్ళో బడిలో మాల మాదిగ పిల్లలు గడప బయట కూర్చుని చదువు వినే రోజుల్లో, దొరసాని ఒకామె చర్చి వరండాలో మొదలుపెట్టిన బడి అది. గడప బయటి పిల్లలు అక్కడ మొదటిసారి బల్ల ఎక్కి కూర్చున్నారు. బడి హైస్కూలయింది, హైస్కూలు కాలేజీ అయింది. దొరసాని పోయి డెబ్భై ఏళ్ళయినా ఆమె పేరు చెప్పుకుని అన్నం తినే ఇళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో బోలెడున్నాయి. వసంతకుమార్ ఇల్లు వాటిలో ఒకటి.

ఆయన పుట్టింది కోసిగి పక్క పల్లెలో. అమ్మానాన్నలు సుగ్గికి పోయేవాళ్ళు. సుగ్గి అంటే ఇక్కడ పనులు లేని నెలల్లో మూటాముల్లె కట్టుకుని గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోవడం. ఎనిమిదేళ్ళు వచ్చేవరకు ఆయన కూడా ఆ మూటల్లో ఒక మూటే. ఆ తర్వాత పాస్టరయ్య ఒకాయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మిషన్ హాస్టల్లో వేశాడు. అక్కడి నుంచి వెనక్కి చూడలేదు. ఆ పల్లెలో ఎం.ఎస్సీ. చదివిన మొదటి మనిషి. ఫలితాలు వచ్చిన ఆదివారం చర్చిలో అందరి ముందూ నిలబెట్టి ప్రార్థన చేశారు. వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇంతవరకు అందరికీ తెలిసిన కథ. ఎవరికీ తెలియని కథ ఒకటుంది.

డిగ్రీ ఆయన వేరే ఊళ్ళో, పెద్ద కాలేజీలో చదివాడు. అక్కడ కెమిస్ట్రీ ల్యాబ్‌లో నలుగురికి ఒక బల్ల, ఒక బ్యూరెట్టు. బ్యూరెట్టు అంటే కింద కుళాయి ఉన్న పొడవాటి గాజు గొట్టం. దానిలోంచి చుక్క చుక్కగా ద్రావణం వదిలి, కింద ఫ్లాస్కులో రంగు మారిన క్షణాన ఆపాలి. ఎంత ఖర్చయిందో అదే రీడింగు. బల్ల దగ్గర మిగతా ముగ్గురూ ఊళ్ళో బాగా బతికిన ఇళ్ళ పిల్లలు. మొదటి రోజే అన్నారు, "వసంతా, నీ దస్తూరి బాగుంటుంది, నువ్వు రాస్తా ఉండు, మేం చేస్తాం" అని. ఎవరూ తిట్టలేదు. పక్కకు పొమ్మని కూడా అనలేదు. ఒకసారి ఆయన ధైర్యం చేసి కుళాయి మీద చెయ్యి వేస్తే, డెమాన్‌స్ట్రేటరు దూరం నుంచే చూసి, "పగలగొట్టేవు, రాసేది చూసుకోప్పా" అన్నాడు. అంతే. మూడేళ్ళూ వాళ్ళు రీడింగు అరిస్తే ఆయన రాశాడు. ఆసిడ్ బలం తేల్చే ప్రయోగం ఒకటుంది, దానికి వాళ్ళు అరిచిన అంకె నైన్ పాయింట్ ఎయిట్. ముత్యాల్లాంటి అక్షరాలతో ఆయన 9.8 అని రాసుకున్నాడు. ఎం.ఎస్సీ.లోనూ అదే తంతు. బల్లలు మారాయి, రాసే పని మారలేదు. చేసేవాళ్ళ పక్కన నిలబడి నిలబడి, తనకూ వచ్చనుకునే స్థితికి చేరాడు.

రాదని తెలిసింది బేతేలు కాలేజీలో ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో. పిల్లలను ల్యాబ్‌కు తీసుకుపోయి, చూపిస్తానని బ్యూరెట్టు పట్టుకున్నాడు. నీళ్ళలా ఉన్న ఫ్లాస్కు లేత గులాబీ రంగుకు రావాలి. ఒక్క ఉదుటున ముదురు రంగులోకి దూకింది. రెండోసారీ అంతే. పిల్లలు చూస్తున్నారు. వాళ్ళ కళ్ళలో ఎగతాళి లేదు, ఆశ ఉంది. మనోడు, మన సారు, ఎం.ఎస్సీ. సారు. ఆయనకు చెమటలు పట్టాయి. "కెమికల్ పాతదైపోయింది, కొత్తది తెప్పిస్తాను" అన్నాడు. ఆ రోజు ల్యాబ్‌కు తాళం పడింది.

కొత్త కెమికల్ వచ్చింది కానీ తాళం ఊడలేదు. అడిగినవాళ్ళకు ఆయన చెప్పిన కారణాలు మంచివే. గాజు సామాను పగిలితే మళ్ళీ ఎవరిస్తారు? మన పిల్లలకు రావాల్సింది మార్కులు, అవి మనం వేద్దాం, ఇప్పటికే వెనకబడినోళ్ళను ఇంకా వెనక్కి తోయడమెందుకు? పైన పటారం లోన లొటారం అనే మాట ఇలాంటి వాటికే పుట్టింది. ఆయన దానికి దయ అని పేరు పెట్టుకున్నాడు, ఇరవై నాలుగేళ్ళు ఆ పేరుతోనే పిలిచాడు. లోపలున్నది ఉత్త భయం.

పరీక్ష రోజు మాత్రం తాళం తీసేవాళ్ళు. అటెండరు ఏసేపు ముందురోజే ద్రావణాలు కలిపి, బ్యూరెట్లు కడిగి, స్టాండ్లకు బిగించేవాడు. తలుపు వేసుకుని ఇంకో గంట లోపల ఏదో చేసేవాడు. ఏం చేస్తున్నాడని సారు ఎన్నడూ అడగలేదు. పొద్దున్నే బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ సారు వస్తే, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలతో మొదలుపెట్టి మధ్యాహ్నం మటన్ వరకు మర్యాదలు. ఆయన తింటున్నంతసేపూ పిల్లలు పాత రికార్డులు చూసి రీడింగులు ఎక్కించేవాళ్ళు. ఆ పాత రికార్డులు అంతకు ముందటి వాళ్ళవి చూసి రాసినవి. మొట్టమొదటి రికార్డు వసంతకుమార్ సారుదే. అలా ఇరవై నాలుగేళ్ళుగా బేతేలు కాలేజీలో ఆ ప్రయోగం చేసిన ప్రతివాడికీ వచ్చిన జవాబు 9.8.

ఆయన శిష్యుల్లో స్తుతి అందరికంటే చురుకైనది. కోసిగి దగ్గరి పల్లె, సుగ్గికి పోయే ఇల్లు. తల్లి రెజీనా ఒక్కతే పెంచింది. ఆ పిల్ల ఫార్ములాలు పాట పాడినట్టు చెప్పేది. సెకండియర్లో ఉన్నప్పుడు ఒకసారి తాళం వేసిన ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడి లోపలికి చూస్తూ కనబడింది. "ఏం చూస్తాండావు మా?" అంటే, "ఏం లేదు సార్, ఆ బ్యూరెట్లు యాడుండాయో చూస్తాండా" అంది. సారు నవ్వేసి వెళ్ళిపోయాడు.

డిగ్రీ అయిన ఏడాదే డిసెంబరులో స్తుతికి హైదరాబాదు దగ్గర ఒక మందుల కంపెనీలో, మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో ఉద్యోగం వచ్చింది. కాలేజీ నోటీసు బోర్డు మీద ఫొటో పెట్టారు. చర్చిలో సాక్ష్యం చెప్పించారు. సారు పేరు మూడుసార్లు చెప్పింది ఆ పిల్ల.

క్రిస్మస్ అయిన రెండు వారాలకు, సాయంత్రం నాలుగు గంటలప్పుడు, సారు కోసిగిలో బస్సు దిగాడు. రోడ్డు పక్కన ఒక లారీ ఆగి ఉంది. చాపలు, గిన్నెలు, బియ్యం మూటలు, కాళ్ళు కట్టిన కోళ్ళు ఎక్కిస్తున్నారు. సుగ్గి లారీ. ఆ మనుషుల మధ్య గిన్నెల మూట పట్టుకుని స్తుతి నిలబడి ఉంది.

"వందనాలు సారూ," అంది పక్కనున్న రెజీనా.

"వందనాలమ్మా. ఏమ్మా స్తుతీ, ఈడ ఉండావే? ఉద్యోగమో?"

స్తుతి తల వంచుకుంది. రెజీనాయే అందుకుంది.

"యాడి ఉద్యోగం సారూ. వారం చూసి పంపిచ్చేసినారు. బ్యూరెట్టంట, అది పట్టుకునేది రాలేదంట. పైన గరాటు అట్లే పెట్టి రీడింగు చెప్పిందని అందరూ నవ్వినారంట. మీ కాలేజీలో నేర్పలేదా అని అడిగితే, సారు నేర్పినాడు, నాకే జరమొచ్చి పోలేదని చెప్పిందంట. నాకు ఒక మాటన్నా తెలీదు సారూ, ఇది కాలేజీ ఎగ్గొట్టి పండుకున్నాదని. ఇది పోకపోయినా మీరు చూడు, యాభైకి యాభై ఏసినారు. దేవుని అసుమంటోళ్ళు మీరు. చేసుకునే రాత దీనికి లేదు."

స్తుతికి ఏ జ్వరమూ రాలేదు. మూడేళ్ళలో ఆ పిల్ల కాలేజీ మానింది రెండు రోజులు, అవీ వాళ్ళ అవ్వ చనిపోయినప్పుడు. కంపెనీ వాళ్ళ ముందు ఆయన పేరు కాపాడింది. ఇంటికొచ్చి కన్నతల్లి ముందు కూడా కాపాడింది. కాపాడి, ఆ తిట్లు తను తింటోంది.

ఒక్క మాట అంటే సరిపోయేది. దీనికి జరం రాలేదమ్మా, నేనే నేర్పలేదు. చుట్టూ నలభై మంది. అందరూ ఎరిగినవాళ్ళు, అందరూ వందనాలు పెట్టేవాళ్ళు. వసంతకుమార్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. డ్రైవరు హారన్ కొట్టాడు.

"ఆరోగ్యం జాగర్త మా," అన్నాడు చివరికి.

"పోయొస్తా సార్," అని స్తుతి లారీ ఎక్కింది. మూటల మీద కూర్చుని, ఆయన వైపు చూడకుండా, కోళ్ళ కాళ్ళకు కట్టిన తాడు వదులు చేస్తూ ఉండిపోయింది.

ఆ రోజు నుంచి ఆయనకు ఇంట్లో మొహం చెల్లలేదు, చర్చిలో అసలే చెల్లలేదు. వందనాలు అని ఎవరన్నా అంటే ఒళ్ళు కంపరమెత్తేది. మిరపచేలో ఆ పిల్ల వేళ్ళు మండుతుంటాయని తెలుసు, తన చిన్నప్పుడు అమ్మ వేళ్ళు చూసినవాడే కదా. ఆ మంట తను పెట్టిందే. అయినా తాళం తీశాడా? తీయలేదు. మనిషి సిగ్గుపడడం వేరు, సిగ్గుపడి లేచి నిలబడడం వేరు. మొదటిది ఆయనకు బాగా చేతనైంది.

ఫిబ్రవరి చివర ప్రిన్సిపాల్ గాబ్రియేలు పిలిపించాడు. పెద్ద మనిషి, కాలేజీ కోసం ఎండనకా వాననకా తిరిగినవాడు. పేద వర్గాల కోసం పుట్టిన పాత కాలేజీల్లో సైన్సు చదువును బలపరచడానికి ఒక పథకం వచ్చిందట. కొత్త ల్యాబు, కంప్యూటర్లు, యంత్రాలు. చూసి పోవడానికి మార్చిలో ఒక పెద్దాయన వస్తున్నాడు.

"సైన్సులో పంతొమ్మిది మంది మిగిలినారు వసంతా," అన్నాడు గాబ్రియేలు. "ఇది రాకపోతే బి.ఎస్సీ. మూసేయాల్సిందే. మన పిల్లోళ్ళకు ఈ చుట్టుపక్కల ఇంకో దిక్కు లేదు. రికార్డులన్నీ బల్ల మీద పెట్టించు. రీడింగులు నోటికి రావాల పిల్లోళ్ళకు. తెలిసిందా?"

తెలిసింది. ముందు నుయ్యి వెనుక గొయ్యి అన్నట్టుంది. నోరు తెరిస్తే కాలేజీ పోతుంది, మూసుకుంటే ఇంకో పంతొమ్మిది మంది స్తుతులు.

వచ్చిన పెద్దాయన పేరు రాఘవేంద్రప్రసాద్. కడపాయన, కెమిస్ట్రీ ప్రొఫెసరుగా రిటైరయ్యాడు. బక్కపలచని మనిషి, తెల్ల చొక్కా, జేబులో రెండు కళ్ళద్దాలు. ఉగ్గాని వద్దన్నాడు, బజ్జీలు వద్దన్నాడు, గ్లాసెడు మజ్జిగ తాగి నేరుగా ల్యాబ్‌కు నడిచాడు. గాబ్రియేలు మొహం అప్పుడే వాడిపోయింది.

పెద్దాయన ఒక రికార్డు తెరిచాడు. ఇంకోటి తెరిచాడు. అదే పేజీ వెతుక్కుంటూ పంతొమ్మిదీ తెరిచాడు. పాతవి ఉన్నాయా అని అడిగితే ఏసేపు బీరువాలోంచి దుమ్ము దులిపి తెచ్చి ముందు పెట్టాడు. వాటిలోనూ అదే పేజీ.

"వసంతకుమార్ గారూ," అన్నాడు చివరికి, గొంతు పెంచకుండా. "నలభై ఏండ్లు పాఠం చెప్పినాను. ఒకే పిల్లోనికి రెండుసార్లు ఒకే రీడింగు రావడం అరుదు. మీ కాలేజీలో ఇన్నేండ్ల నుంచి అందరికీ ఒకటే వస్తాండాది. నాకు శానా ఆశ్చర్యంగా ఉండాది."

ఆయన ఫైనలియర్ అమ్మాయి కృపమణిని పిలిచి, చేసి చూపించమన్నాడు. కృపమణి బ్యూరెట్టు ముందు నిలబడి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, ముట్టుకుంటే ఎవరో కొడతారన్నట్టు. ముప్పై ఐదేళ్ళ కిందట ఒక బల్ల దగ్గర తనూ సరిగ్గా అలాగే చేతులు వెనక్కి పెట్టుకున్నాడని వసంతకుమార్‌కు గుర్తొచ్చింది.

"పిల్ల బెదురుతాండాది. మీరొకసారి చెయ్యండి సార్, చూసి చేస్తాది," అన్నాడు పెద్దాయన. దాంట్లో కుట్ర లేదు. మాస్టరు పిల్లకు చూపించడం లోకంలో మామూలు విషయం.

వసంతకుమార్ బ్యూరెట్టు ముందుకొచ్చాడు. గరాటు పెట్టి ద్రావణం పోశాడు. గరాటు తీయడం మరిచిపోయాడు, దాంట్లోంచి ఒక్క చుక్క జారినా రీడింగు తప్పుతుంది. కుడిచేత్తో కుళాయి పట్టుకుని, ఎడమచేత్తో ఫ్లాస్కు ఆడించబోతే మూతి గొట్టానికి తగిలి టక్కుమంది. కుళాయి తిప్పాడు. చుక్కలు కాదు, ధార వచ్చింది. ఫ్లాస్కు రోజా షర్బత్‌లా ముదురు గులాబీ అయింది. రెండోది తీసుకున్నాడు. అదీ అంతే. భూమి చీలితే బాగుండనిపించింది, బేతేలు కాలేజీ బండలు చీలవు.

అప్పుడు కృపమణి మెల్లగా అంది, "సార్‌కు కండ్ల ఆపరేషన్ అయ్యింది సార్. రంగు తొందరగా కనపడదు."

ఏ ఆపరేషనూ కాలేదు. ఆ పిల్ల అప్పటికప్పుడు పుట్టించింది. వెనకనున్న పిల్లలు కూడా అవునన్నట్టు తలలూపారు. కన్నుమూసి తెరిచేలోపు పంతొమ్మిది మంది ఆయన చుట్టూ గోడ కట్టేశారు. స్తుతి కట్టిన గోడే ఇది. ఇరవై నాలుగేళ్ళలో ఈ పిల్లలకు ఆయన చేతిపని ఏదన్నా నేర్పాడంటే ఇదొక్కటే నేర్పాడు, అబద్ధంతో కప్పడం.

ఆయన ఫ్లాస్కు బల్ల మీద పెట్టాడు.

"ఆపరేషనేం కాలేదు సార్. నా కండ్లు బాగుండాయి. నాకు రాదు. నాకు నేర్పలేదు, నేను నేర్చుకోలేదు, ఈ పిల్లోళ్ళకు నేర్పలేదు. ఆ 9.8 నేను చదువుకునేటప్పుడు ఎవరో చెప్తే రాసుకున్యాది."

గాబ్రియేలు దగ్గాడు. పెద్దాయన ద్రావణం సీసా చేతిలోకి తీసుకుని, దాని మీద అంటించిన చీటీ చూస్తున్నాడు. "మరి ఇది ఇంత కరెక్టుగా ఎవరు కలిపినారు?"

"నేనే సార్," అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ ఏసేపు.

"చెయ్యి, చూద్దాం."

పదో తరగతి తప్పిన ఏసేపు చేతులు తుడుచుకుని వచ్చాడు. గరాటు తీసి పక్కన పెట్టాడు. ఎడమచెయ్యి గొట్టం చుట్టూ తిప్పి కుళాయి పట్టుకున్నాడు, కుడిచేత్తో ఫ్లాస్కు ఆడించాడు. చివర్లో ఒక్కొక్క చుక్క. తెల్లకాగితం మీద ఫ్లాస్కు లేత గులాబీ రంగుకు వచ్చి ఆగింది. వంగి, కన్ను సమానంగా పెట్టి, "పది పాయింట్ మూడు సార్" అన్నాడు. అంతకు ముందున్న ముసలి సారు దగ్గర నేర్చుకున్నాడట. పరీక్షకు ముందు ప్రతిసారీ, కలిపింది సరిగ్గా ఉందో లేదో తలుపు వేసుకుని తనే చూసుకునేవాడట.

అందరూ వెళ్ళాక వసంతకుమార్ అడిగాడు, "ఏసేపన్నా, నాకు రాదని నీకు తెలుసునా?"

"మొదటి నెలలోనే తెలుసు సార్."

"చెప్పలేదే?"

ఏసేపు బ్యూరెట్టు కడుగుతూ అన్నాడు, "మనోళ్ళల్లో మొదటి ఎం.ఎస్సీ. మీరు. ఎట్ల చెప్పేది సార్? అందుకే తాళం చెవి నా దగ్గరే పెట్టుకున్యా."

ఏప్రిల్ మొదట్లో కాగితం వచ్చింది. యంత్రాలు ఇప్పుడు లేవు. ముందు ఉపాధ్యాయులకు చేతిపని నేర్పాలి, పిల్లల చేత చేయించాలి, వచ్చే మార్చిలో మళ్ళీ వచ్చి చూస్తారు. అప్పటిదాకా బి.ఎస్సీ. నడుపుకోవచ్చు. గాబ్రియేలు ఆ కాగితం ఆయన ముందు పెట్టి, "నీ మనసు తేలికైందప్పా. కాలేజీ బరువెక్కింది" అన్నాడు. ఆ తర్వాత నెల రోజులు మాట్లాడలేదు. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టేందుకు ఏమీ లేదు. వసంతకుమార్ కూడా పట్టలేదు.

ల్యాబ్ తలుపు ఇప్పుడు పొద్దున్నే తీస్తున్నారు. ఏసేపు చెప్తాడు, సారు చేస్తాడు, పిల్లలు చేస్తారు. యాభై ఐదేళ్ళ చెయ్యి తొందరగా మాట వినదు. రెండు ఫ్లాస్కులు పగిలాయి, అవి రెండూ సారు చేతిలోనే. పిల్లలు మొదట్లో మొహాలు తిప్పుకున్నారు, తర్వాత అలవాటయింది.

ఈస్టరుకు సుగ్గి జనం తిరిగొచ్చారు. ఆ శనివారం ఆయన స్తుతి వాళ్ళ ఇంటికి వెళ్ళాడు. రెజీనా గబగబా పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసి, కొంగుతో తుడిచింది. ఆయన కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"రెజీనమ్మా, నీ బిడ్డకు జరం రాలేదు. ఒక్క రోజన్నా ఎగ్గొట్టలేదు. నేనే నేర్పలేదు. ల్యాబ్‌కు తాళం వేసి పెట్టినా. ఆ యాభై మార్కులు ఉత్తవి. నా పేరు చెడుతుందని అది నీకు అబద్ధం చెప్పింది. ఆ పొద్దు లారీ కాడనే నేను చెప్పాల్సింది. చెప్పలేకపోయినా."

అంట్లు తోముతున్న స్తుతి చేతులు ఆగిపోయాయి. రెజీనా బిడ్డ వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"అంటే దానికి జరం రాలేదా?"

"రాలేదమ్మా."

"మూడు నెల్లు తిట్టినా సారూ," అంది రెజీనా. "మిరపకాయలు కోస్తా కోస్తా, పొద్దు పుట్టినప్పటి నుంచి తిట్టినా. ఒక్క మాట ఎదురు చెప్పలేదు."

క్షమించానని అనలేదు, తిట్టనూ లేదు. కుర్చీ ఎత్తుకుని పక్కింట్లో ఇచ్చేయడానికి వెళ్ళిపోయింది. ఇరవై నాలుగేళ్ళలో ఏ శిష్యురాలి ఇంట్లోనూ ఆయనకు మంచినీళ్ళు ఇవ్వకుండా పంపలేదు. ఆ రోజు దాహంతోనే వచ్చాడు, అంతే తనకు తగునని అనుకుంటూ వచ్చాడు. వాకిట్లో ఆగి స్తుతితో మాత్రం అన్నాడు, "ల్యాబు తీసే ఉండాది మా. ఏసేపన్న నేర్పుతాండాడు. నేను కూడా నేర్చుకుంటాండా. నీకు బుద్ధి పుడితే రా."

నాలుగో రోజు వచ్చింది. మిరప మంటకు వేళ్ళ చివర తోలు లేచిపోయి ఉంది. సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని, చున్నీ అంచుకు తుడుచుకుని, ఏసేపు పక్కన నిలబడింది. సారుతో మాట్లాడలేదు. పది రోజుల్లో ఆమె చెయ్యి ఏసేపు చేతిలా తిరిగింది. ఆగస్టులో మళ్ళీ కంపెనీల వాళ్ళు ఇంటర్వ్యూలు పెడుతున్నారని కృపమణి చెప్తే, వింటూ, ఊఁ అంది.

మే నెల మధ్యలో ఒక పొద్దున సారు ఆమె ముందుకు కొత్త రికార్డు పుస్తకం జరిపాడు.

"ఈ పొద్దు నాకు ప్రాక్టికల్ పరీక్ష మా. ఎక్స్‌టర్నల్ నువ్వే."

స్తుతి ఏసేపు వైపు చూసింది. ఏసేపు కిటికీ బయటికి చూశాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆయన మూడుసార్లు చేశాడు. మొదటిది పది పాయింట్ ఏడు, ముదిరింది. రెండోది పది పాయింట్ రెండు. మూడోది పది పాయింట్ మూడు, తెల్లకాగితం మీద లేత గులాబీ, నిలిచింది. చెమట తుడుచుకుని తనే రీడింగులు రాశాడు, ముత్యాల్లాంటి అక్షరాలతో, మూడూ మూడు రకాలుగా. పుస్తకం ఆమె వైపు తిప్పి, "యాభైకి ఎంతేస్తావో ఏసి, సంతకం పెట్టు" అన్నాడు.

స్తుతి పెన్ను పట్టుకుని చాలాసేపు ఆ పేజీ చూసింది. ఆ కాసేపట్లో వసంతకుమార్‌కు తన మనసు కనబడింది. ఇంత జరిగినా, ఆ పిల్లను ఇంత చేసినా, యాభై వేస్తుందేమోనని ఒక మూల ఎదురుచూస్తున్నాడు. అది తెలిసి ఆయన చెవులు వేడెక్కాయి.

ఆమె అంకె వేసి, కింద సంతకం పెట్టి, పుస్తకం వెనక్కి తిప్పింది. ఇరవై ఎనిమిది.

"మొదటి రెండుసార్లు గరాటు తియ్యలేదు సార్," అంది, లారీ ఎక్కిన రోజు తర్వాత మొదటిసారి ఆయన కళ్ళలోకి చూస్తూ.

ఆయన ఆ అంకెను చూశాడు. తన చేతికి ఎవరైనా వేసిన మొదటి మార్కులు అవి. తల ఊపి, బ్యూరెట్టు కడిగి, మళ్ళీ ద్రావణం నింపాడు. గరాటు తీసి బల్ల మీద పెట్టాడు.